మూడు ఊళ్ళూ ఒక కాగితమూ

సూర్యాపేటలో మేష్టరుగా చేరి ఇరవై ఏళ్ళు దాటింది. ఇక్కడినుంచి కోదాడకూ, కోదాడనుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకూ ఎన్నిసార్లు బస్సెక్కానో నాకే లెక్క తెలియదు. పెళ్ళిళ్ళకు వెళ్ళాను. పరీక్ష పేపర్లు దిద్దటానికి వెళ్ళాను. కవిసమ్మేళనాలకు వెళ్ళి, నా వంతు వచ్చేసరికి శ్రోతలు లేచిపోగా, శాలువా ఒకటి భుజాన వేసుకుని తిరిగి వచ్చాను. కాని మొన్న కార్తీకంలో ఒక శనివారం నాడు, చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితంతో తిరిగినట్టు ఈ మూడు ఊళ్ళూ ఎన్నడూ తిరగలేదు.

కథ అంతకు ముందురోజు పిల్లలమర్రిలో మొదలైంది.

హైదరాబాదునుంచి విజయవాడ వెళ్ళేవాళ్ళకు సూర్యాపేట అంటే బస్సు ఆగేచోటు, చాయ్ తాగేచోటు. దీనికి భానుపురి అని పాతపేరుందనీ, 2016 అక్టోబరు 11 నుంచి ఇది జిల్లా కేంద్రమనీ వాళ్ళకు పట్టదు. రహదారి వదిలి కొద్ది దూరం లోపలికి వెళితే పిల్లలమర్రి వస్తుంది. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు ఏలిన ఊరు. నామిరెడ్డి కట్టించిన నామేశ్వరాలయం, బేతిరెడ్డి భార్య ఎరకసాని 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదే. తెలుగు మేష్టరుకు ఇంతకంటే ఏం కావాలి? ఏటా డిగ్రీ పిల్లలను వెంటబెట్టుకుని వెళతాను. వాళ్ళు సెల్ఫీలు తీసుకుంటారు. నేను శాసనాలు చదువుతాను.

ఆనాడూ శాసనం దగ్గర నిలబడి నా పాత పాఠమే చెబుతున్నాను. “రాతిమీద అక్షరాలు అందరికీ ఒక్కటే. కాని ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకుంటారు. పూజారి దేవుడికి ఏమిచ్చారో ఆ ముక్క చదువుకుంటాడు. రైతు పొలం సరిహద్దులు చదువుకుంటాడు. చరిత్రకారుడు శకసంవత్సరం చదువుకుంటాడు. నాబోటివాడు పద్యం ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. మొత్తం చదివేవాడు ఎవడూ లేడు.”

అంతలో జేబులో ఫోను గుర్రుమంది. మా మేనల్లుడు ఒక కాగితం ఫోటో పంపాడు.

వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. మూడు వారాలకిందట వాళ్ళమ్మకు, అంటే మా అక్కకు, ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ కనబడితే తీసుకువెళ్ళి చూపించింది వాడే. సూదితో ముక్క తీసి పరీక్షించి కాన్సరేనన్నారు. ఆ ముక్కమీదనే మరికొన్ని పరీక్షలు చేయాలన్నారు. వాటి ఫలితమే ఈ కాగితం. దానికింద నాలుగు మాటలు రాశాడు: “మామా, సోమవారం డాక్టర్ రమ్మన్నడు. అమ్మ రానంటున్నది. నువ్వే చెప్పాలె.”

ఎందుకు రానంటున్నదో నాకు తెలుసు. మా అమ్మ 2003లో ఇదే జబ్బుతో పోయింది. ఎనిమిది నెలలు ఆ గడ్డను చీరకొంగు కింద దాచుకుంది. మగవాళ్ళకు చెప్పుకునే సంగతి కాదనుకుంది. ఆడవాళ్ళకు చెబితే మగవాళ్ళకు తెలుస్తుందనుకుంది. తెలిసేనాటికి చంక కిందికి పాకింది. తరువాత రెండేళ్ళు హైదరాబాదుకు తిప్పాము. సెలైను సీసాలు, వాంతులు, రాలిన జుట్టు, తెల్లవారుజాము బస్సులు. అమ్మ వెంట ఉన్నది మా అక్కే. అమ్మకు అప్పుడు యాభై రెండేళ్ళు. ఇప్పుడు అక్కకు యాభై రెండు. “అమ్మ లెక్క నన్ను తిప్పకున్రి. ఉన్నన్ని రోజులు ఇంట్లనే ఉంట” అని అక్క ఒకటే మాట.

సాయంత్రం సూర్యాపేటలో జిరాక్సు దుకాణానికి వెళ్ళి ఆ ఫోటోను కాగితం మీదికి తీయించాను. మూడు వరుసలు. ఇ.ఆర్. నెగెటివ్. పి.ఆర్. నెగెటివ్. హెర్-2 పాజిటివ్. నాకు ప్రాణం కొంత కుదుటపడింది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా మనకు నేర్పిన ఇంగ్లీషు అదే గదా: నెగెటివ్ అంటే ఇంటికి పోవచ్చు, పాజిటివ్ అంటే గదిలో పడుకోవాలి. మూడింట రెండు నెగెటివ్. మార్కులు వేసే అలవాటు కొద్దీ ఫస్టు క్లాసు అనుకున్నాను. కాని ఆ మూడోది ఉట్టి పాజిటివ్ అని ఊరుకోలేదు. పక్కన మూడు ప్లస్సు అని కూడా వేసి ఉంది. తప్పు లెక్కకు ఎర్రసిరాతో మూడు గీతలు కొట్టినట్టుగా ఉంది అది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తెల్లవారుజామున గుర్తుకు వచ్చింది, కోదాడ అమ్మాయి. ఇంటరులో నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. తరువాత జీవశాస్త్రంలో పై చదువులు చదివి హైదరాబాదులో ఒక పరిశోధనాలయంలో కాన్సరు కణాల జన్యువులమీద పనిచేస్తున్నది. పండుగ సెలవుకు ఇంటికి వచ్చిందని విన్నాను. ఆమెను చూసి, అటునుంచి అటే మిర్యాలగూడ వెళదామనుకున్నాను.

పొద్దున్నే పల్లెవెలుగు బస్సెక్కాను. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటినుంచి ఈ బస్సుల్లో మగవాళ్ళం అతిథులం. కార్తీకస్నానాలకు పోయేవాళ్ళు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, ఊరికే బిడ్డను చూడటానికి పోయేవాళ్ళు. ఎవరో నన్ను చూసి జాలిపడి సగం సీటు ఇచ్చారు. దురాజ్‌పల్లి గుట్ట దాటాము. రెండేళ్ళకొకసారి లింగమంతుల స్వామి జాతరకు ఆ గుట్ట జనంతో నిండిపోతుంది. ఆ రోజు మాత్రం కింద నాలుగు మేకలు మేస్తున్నాయి. రోడ్డు పక్కన పొడుగునా కోసిన వడ్లు ఆరబోసి ఉన్నాయి.

మునగాల వచ్చేసరికి నాకు ఎప్పుడూ ఒక నమస్కారం పెట్టాలనిపిస్తుంది. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా కృష్ణా జిల్లాకు చెందిన పరగణాగా మధ్యలో మిగిలిన గడ్డ ఇది. రాజా నాయని వెంకటరంగారావు గారి సంస్థానం. ఆయన దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టి, చరిత్రతోపాటు శాస్త్రాలను కూడా తెలుగువాళ్ళ ఇళ్ళలోకి తేవాలని పూనుకున్నారు. జేబులోని కాగితం తడుముకున్నాను. ఆయన తలపెట్టి నూరేళ్ళు దాటినా, తెలుగులో ఎం.ఎ. చదివినవాణ్ణి, సొంత అక్క జబ్బు ఏమిటో చదువుకోలేక ఒక పిల్ల దగ్గరకు పోతున్నాను.

కోదాడ అంచు ఊరు. ఒక కాలు తెలంగాణలో, ఒక చూపు కృష్ణాజిల్లా వైపు. మాటలోనూ రెండు యాసలు కలిసిపోయి వినబడతాయి. బస్టాండులో దిగి, సందులో వాళ్ళ ఇల్లు కనుక్కునేసరికి ఆ అమ్మాయి వాకిట్లో నిలబడి ఉంది. వాళ్ళమ్మ పెట్టిన ఉప్మా తింటూ కాగితం చేతికిచ్చాను. ఆమె అర నిమిషంలో చదివేసింది. నా గుండె మాత్రం ఆ అర నిమిషం ఆగింది.

“రెండు నెగెటివ్‌లున్నాయి గదా, నయమే గదా?” అన్నాను.

“నెగెటివ్ అంటే మంచిదని ఎవరు చెప్పిన్రు సార్?”

“కరోనా చెప్పింది.”

ఆమె నవ్వాపుకుంది. “ఇది జబ్బు ఉన్నదా లేదా అనే పరీక్ష కాదు సార్. ఆ గడ్డలో ఏ జన్యువు పలుకుతున్నది, ఏది పలుకుతలేదు, గంతే రాసిన్రు. మీరు పిల్లలమర్రిలో మాకు చెప్పిన పాఠమే ఇది.”

నాకు అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. నాకు పట్టినంతవరకు నా మాటల్లో చెబుతాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకటే శాసనం ఉంటుంది. సుమారు మూడు వందల కోట్ల అక్షరాలు. అందులో ప్రోటీన్లు తయారుచేయడానికి పనికివచ్చే వాక్యాలు ఇరవై వేల దాకా ఉన్నాయి, వాటినే జన్యువులంటాము. కంటి కణంలోనూ కాలేయం కణంలోనూ రాత ఒక్కటే. కాని కన్ను తన ముక్క చదువుకుంటుంది, కాలేయం తన ముక్క చదువుకుంటుంది. చదవడమంటే ముందు నకలు తీయడం. పట్టా రికార్డు తాసిల్దారు కచేరీలోనే ఉంటుంది, రైతు చేతికి వచ్చేది నకలు. అలాగే అసలు శాసనం కణం నడిబొడ్డున భద్రంగా ఉంటుంది. ఆర్.ఎన్.ఏ. అనే నకలు బయటికి వస్తుంది. దాన్ని చూసి ప్రోటీను తయారవుతుంది. ఏ జన్యువుకు ఎన్ని నకళ్ళు వస్తున్నాయో కొలవడమే ఆ అమ్మాయి ఉద్యోగం. పుస్తకాల్లో దీన్ని జన్యు వ్యక్తీకరణ అంటున్నారు. నాకైతే జన్యువు పలకడం అనడమే బాగుందనిపించింది.

“మరి కాన్సరు ఎట్లా వస్తుంది?”

“రాత తప్పయినా వస్తది, చదవడం తప్పయినా వస్తది సార్.”

రాత తప్పుకు ఆమె ఒక ఉదాహరణ చెప్పింది. మన ఉస్మానియాలో పిహెచ్.డి. చేసి అమెరికా వెళ్ళిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు, ఆయనతో పనిచేసినవాళ్ళు, మూత్రాశయపు కాన్సరు కణంలో ఉన్న ఒక జన్యువునూ, ఆరోగ్యంగా ఉన్న కణంలోని అదే జన్యువునూ పక్కపక్కన పెట్టి పోల్చారట. తేడా ఒకే ఒక్క అక్షరం. ‘జి’ ఉండవలసిన చోట ‘టి’ ఉంది. 1982లో అచ్చయిన ఆ సంగతిని అదే సమయంలో మరి రెండు పరిశోధక బృందాలు కూడా విడిగా కనిపెట్టాయి. ప్రూఫులు దిద్దిన అనుభవం ఉన్నవాణ్ణి గనుక నాకు ఒళ్ళు జలదరించింది. ఒక్క అచ్చుతప్పుకు పుస్తకం పోదు, మనిషి పోతాడు.

చదవడంలో తప్పు ఇంకా చిత్రంగా ఉంటుంది. 1987లో ఇ. శ్యాం రెడ్డి, వీణా రావు, టాకిస్ పాపాస్ అనే ముగ్గురు ఇ.ఆర్.జి. అనే జన్యువును కనిపెట్టారు. ఇతర జన్యువులను పలికించే పని దానిది. దాని రాతలో తప్పేమీ లేదు. మగవాళ్ళ ప్రోస్టేటు గ్రంథిలో అది మామూలుగా నోరుమూసుకుని ఉంటుంది. దానికి కాస్త దూరంలో మరో జన్యువు ఉంది. మగ హార్మోను తగలగానే అది గొంతెత్తుతుంది. ఎక్కడో ముక్క తెగి అతుక్కున్నప్పుడు, ఆ గొంతెత్తే జన్యువు తాళంచెవి ఈ మౌనంగా ఉండవలసిన జన్యువు చేతికి వచ్చింది. ప్రోస్టేటు కాన్సర్లలో చాలా వాటికి మూలం ఇదేనని 2005లో అరుళ్ చిన్నయ్యన్ గారి బృందం చూపించింది. కనిపెట్టినవాళ్ళకు అది ఎంత పెద్ద దొంగో తెలియడానికి పద్ధెనిమిదేళ్ళు పట్టిందన్నమాట.

“మరి మా అక్కది?”

“అక్కది మూడో తీరు సార్. అక్షరం తప్పు కాదు. ఒకే పేజీని మళ్ళీ మళ్ళీ అచ్చు వేసినట్టు.” హెర్-2 అనే జన్యువు కణానికి రెండు ప్రతులే ఉండాలి. కణం ఎదగమనే కబురును బయటినుంచి అందుకునే ప్రోటీను దానినుంచి వస్తుంది. కొందరి రొమ్ము కాన్సరులో ఆ రెండు ప్రతులు ఇరవై, ముప్పై అవుతాయి. ఎదుగు, ఎదుగు అని కణం గోడమీద అన్ని నోళ్ళూ ఒక్కసారి కేకలు వేస్తాయి. గడ్డ ముక్కను మైనంలో పెట్టి, వెంట్రుకకంటే పలుచగా కోసి, ఆ ప్రోటీను ఉన్నచోట గోధుమరంగు పట్టేట్టు రంగు వేస్తారు. రంగు బొత్తిగా పట్టకపోతే సున్న. కణం చుట్టూ చిక్కగా, గీత గీసినట్టు పడితే మూడు ప్లస్సు.

“అంటే చెడ్డదే గదా!”

“1987లో అయితే చెడ్డదే సార్. డెనిస్ స్లేమన్ అనే డాక్టరు అప్పుడే చూపించిండు, ఇది ఎక్కువున్నవాళ్ళకు జబ్బు తొందరగా తిరగబెడ్తదని. కాని 1998లో ఆ ప్రోటీనునే పట్టుకునే మందు వచ్చింది, ట్రాస్టుజుమాబ్ అని. 2014 నుంచి మన దేశంలో తయారైందీ దొరుకుతున్నది. హెర్-2 నెగెటివ్ ఉన్నవాళ్ళకు ఆ మందుతో లాభం లేదు. పాజిటివ్ ఉన్నవాళ్ళకే. దొంగ దొరికిండని రాసిన్రు సార్, మీరు దొంగలు పడ్డరని చదివిన్రు.”

పై రెండు నెగెటివ్‌ల అర్థమూ చెప్పింది. అవి ఆడ హార్మోన్ల కబురు అందుకునే ప్రోటీన్లు. అవి ఉంటే ఏళ్ళ తరబడి మింగే హార్మోను మాత్రలు పనిచేస్తాయి. అక్కకు లేవు గనుక ఆ దారి మూసుకుంది. 2000 సంవత్సరంలో అమెరికాలో నలభై రెండుమంది గడ్డల్లో 8,102 జన్యువులు ఎట్లా పలుకుతున్నాయో ఒకేసారి కొలిచి చూశారట. మనం రొమ్ము కాన్సరు అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి ఒక జబ్బు కాదు, కొన్ని జబ్బులని తేలింది. పక్కింటావిడకు పనిచేసిన మందు మనకు ఎందుకు పనిచేయలేదో దానితో ఇంకా బాగా అర్థమైంది.

“నేను డాక్టరును కాను సార్,” అని ఆమె మరీ మరీ చెప్పింది. “ఎంత పాకిందో, ఎంత మందివ్వాలో వాళ్ళే చెప్పాలె. మామూలుగా ఈ మందు మూడు వారాలకొకసారి, ఏడాదిదాకా ఇస్తరు. గుండె బలహీనపడే ప్రమాదముంటది గనుక మధ్య మధ్య గుండె పరీక్ష చేస్తరు. తప్పక తగ్గుతదని నేను చెప్పను. కాని సోమవారం పోకపోతే మాత్రం తప్పు.”

లేవబోతూ, అడగకూడదనుకుంటూనే అడిగాను. “మా అమ్మది ఏ రకమో?”

“అప్పుడు ఈ పరీక్ష చేసిన్రా సార్?”

చేసినట్టు ఏ కాగితంలోనూ లేదు. అమ్మకు ఎక్కించిన మందుల్లో ఒకదాని పేరు మాత్రం గుర్తుంది, మెథోట్రెక్సేట్. ఆ పేరు చెప్పగానే ఆమె ముఖం వికసించింది. అది మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందంనుంచి వచ్చిన మందు. ఫోలికామ్లానికి మారువేషం వేసినట్టుండే పదార్థాలను వాళ్ళు తయారుచేసి ఇస్తే, వాటిలో ఒకదానితో బోస్టనులో సిడ్నీ ఫార్బరు 1947, 48 సంవత్సరాల్లో రక్తకాన్సరు పిల్లలకు వైద్యం చేశాడు. కొందరు పిల్లలు కొన్నాళ్ళు లేచి ఆడుకున్నారు. సుబ్బారావు గారు 1948లోనే పోయారు. ఆ మందుకు కణం ఎదురుతిరిగే ఒక ఉపాయాన్ని 1978లో రాబర్టు షింకీ పట్టుకున్నాడు. మందు ఏ ప్రోటీనును అడ్డుకుంటుందో దాని జన్యువుకే కణం ప్రతులమీద ప్రతులు పెంచుకుంటుందట. అమ్మ విషయంలో ఏం జరిగిందో ఎవరం చెప్పలేము. కాని అమ్మ ఒంట్లోకి ఒక తెలుగువాడి ఆలోచన వెళ్ళి పోరాడిందని తెలిసి, ఇన్నేళ్ళకు మనసు కొంత తేలికపడింది.

గుమ్మం దాకా వచ్చి ఆ అమ్మాయి అంది: “మూడేళ్ళనుంచి ఒక్క జన్యువు వెంట తిరుగుతున్న సార్. ఇంకా చేతికి చిక్కలే. మా దగ్గరికి వచ్చే గడ్డ ముక్కలకు పేర్లుండవు, నంబర్లే ఉంటయి. ఇయ్యాల మొదటిసారి ఒక నంబరుకు అక్క అని పేరొచ్చింది.”

హుజూర్‌నగర్, నేరేడుచర్ల దాటి మిర్యాలగూడ దగ్గరపడుతుంటే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. గాలిలో ఊక వాసన వస్తుంది. రైసుమిల్లుల ముందు వడ్ల లారీలు వరుసకట్టి ఉంటాయి. మిద్దెలమీద ఆరేసిన తెల్లబట్టలమీద నల్లటి నుసి పడుతుంది; ఈ ఊళ్ళో కొత్త కోడలు నేర్చుకునే మొదటి పాఠం బట్టలు ఎప్పుడు తీయాలన్నదే. ఈ సిరి అంతా సాగర్ ఎడమకాలువ పెట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. అంతకుముందు జొన్నలూ ఆముదాలూ పండిన నేల వరిమళ్ళయింది. మా బావ మూడెకరాల రైతు. ఆయనకు కాలువ నీటి సంగతి తప్ప మిగతా ప్రపంచమంతా పేపరులో వార్త.

అక్క వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది.

“ఏం రాసిన్రు తమ్మీ? సక్కగ చెప్పు. నీది తిప్పి తిప్పి చెప్పే అలవాటు.”

నేను దారి పొడుగునా మాటలు కూర్చుకున్నవాణ్ణి. ప్రతి కణంలో ఒక శాసనం ఉంటుందనీ, ఎవరి ముక్క వాళ్ళు చదువుకుంటారనీ మొదలుపెట్టాను. అక్క రెండు నిమిషాలు ఓపిక పట్టింది. “గా రాళ్ళ ముచ్చట నాకెందుకురా?” అంది.

ఇరవై ఏళ్ళ నా పాఠం అంతటితో ముగిసింది. ఏం చెప్పాలో తోచక కూర్చున్నాను. మంచంమీద కూర్చున్న బావ మెల్లగా అందుకున్నాడు. “అంటే బామ్మర్దీ, కాలువ నీళ్ళ లెక్కనా? కాలువ అందరికీ ఒక్కటే. ఎవని తూము వానికి ఉంటది. లస్కరు ఎంత తిప్పితే గన్నే నీళ్ళు.”

నేను లేచి నిలబడ్డాను. “అదే బావా, అచ్చం అదే!”

“గట్లయితే,” అక్క చెయ్యి గాలిలో తిప్పుతూ అంది, “నా పానంల ఒక తూము బంద్ అయితలేదు. గంతేనా?”

“ఒకటి కాదక్కా. రెండు తూములుండేకాడ ఇరవై తూములు తవ్వినట్టయింది. నీళ్ళన్నీ ఒక్క మడికే పోతున్నయి. ఆ మడి ఏపుగా పెరిగి పక్కమళ్ళను తొక్కుతున్నది.”

“ఆ తూములకు బిరడా కొట్టే మందున్నదా?”

“అన్నిటికీ లేదు. నీ దానికున్నది. ఉన్నదని చెప్పడానికే పాజిటివ్ అని రాసిన్రు.”

అక్క కాగితం తీసుకుంది. ఇంగ్లీషు రాకపోయినా మూడు ప్లస్సు గుర్తులమీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. చాలాసేపటికి అడిగింది: “అమ్మకు ఈ మందు లేకుండెనా?”

నేను దారంతా భయపడిన ప్రశ్న అది. “మందు అప్పటికే వచ్చింది అక్కా. మనబోటోళ్ళకు అందేది కాదు. అమ్మది ఇదే రకమో కాదో చూసినట్టు కాగితాల్లో లేదు.”

“సూడనిచ్చిందా ఆమె? ఎనిమిది నెలలు కొంగు కింద దాసుకునె.” అక్క కళ్ళు తుడుచుకోలేదు, బియ్యం చాట దగ్గరకు లాక్కుని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. “నేను మూడు దినాలకే పిలగానికి చెప్పిన గదా. నాకు జర ముందుగాల తెలిసినట్టే.”

బావ ఖర్చు సంగతి ఎత్తాడు. ఆరోగ్యశ్రీలో ఎంతవరకు వస్తుందో ఆసుపత్రిలో అడుగుదామన్నాను. అరెకరం అమ్మయినా సరే అన్నాడాయన. అక్క కసిరింది: “పొలం జోలికి పోకు. ముందు డాక్టరును అడగనియ్యి.” ఆ మాటతో నాకు తెలిసింది, సోమవారం ఆమె వస్తుందని.

“అయితే రేపు వాడపల్లి పోయి మునిగొస్త,” అంది. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. మా సూర్యాపేట పక్కనుంచి పారే మూసీయే అది. అగస్త్యేశ్వరుడి గుడి, నరసింహస్వామి గుడి ఆ గట్టునే ఉన్నాయి. కార్తీకంలో జిల్లా నాలుగు మూలలనుంచీ అక్కడికి వస్తారు. చలిలో నదీస్నానమేమిటని నేను అనబోయాను. బావ సైగ చేశాడు, ఊరుకొమ్మని.

చీకటి పడేవేళ బస్సు దాకా సాగనంపటానికి వచ్చి, అక్క నా చెయ్యి పట్టుకుంది. “నీ బిడ్డ ఇప్పుడు ఏం సదువుతున్నది?”

“ఇంటరు.”

“ఇంటికి పోంగనే ఆమెకు చెప్పు. ఒంట్ల ఏ గడ్డ కనబడ్డా గా దినమే తల్లికో తండ్రికో చెప్పాలని. సిగ్గుపడొద్దని. అమ్మ లెక్క దాసుకోవద్దని. నువ్వే చెప్పాలె, నీ పెండ్లాంతోని చెప్పియ్యకు.”

ఆ రాత్రి సూర్యాపేట చేరేసరికి పది దాటింది. మా అమ్మాయి పుస్తకం ముందు కూర్చుని ఉంది. రెండు దశాబ్దాలుగా శృంగార కావ్యాలు జంకు లేకుండా పాఠం చెబుతున్నవాణ్ణి, కన్నబిడ్డ ముందు రొమ్ము అన్న మాట అనడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాను. చివరకు చెప్పాను. నాయనమ్మ సంగతి, అత్త సంగతి, కాలువా తూములూ అన్నీ చెప్పాను. మా అమ్మాయి శ్రద్ధగా విని, “ఇట్లా చెబితే మా బయాలజీ కూడా తెలుస్తుంది నాన్నా. నువ్వు శాసనంనుంచి మొదలుపెడతావేమోనని భయపడ్డాను” అంది.

ఇప్పుడు ఫాల్గుణం. మా అక్కకు అయిదు విడతల మందు ఎక్కింది. ఆపరేషను ఇంకా ఉంది. జుట్టు పోయింది; పట్నంలో కొన్న రంగు రుమాలు తలకు కట్టుకుని మిల్లు నుసి పడకుండా బట్టలు తానే తీసుకుంటోంది. మొన్న గుండె పరీక్ష చేసి బాగానే ఉందన్నారు. గడ్డ చిన్నదయిందని డాక్టరు చెప్పాడట. ఎంత చిన్నదని ఫోనులో నేనడిగితే, “తూములు కొన్ని బంద్ అయినయి తమ్మీ. లస్కరు ఇంకా తిరుగుతున్నడు” అంది మా అక్క.